ఏమీ జరగని వేళ మెలకువ

ఎప్పుడో గానీ జరగని దాని కోసం గంటల తరబడి ఒకే వైపు చూస్తూ కూర్చోవడం మనిషి చేసే పనుల్లో చాలా కష్టమైనది. ఆ కష్టం బయటికి కనపడదు. బరువు మొయ్యడు, పరుగెత్తడు, చెమట పట్టదు. కూర్చున్నవాడు సుఖంగా ఉన్నట్టే ఉంటాడు. రైలు ఇంజన్లో లోకో పైలట్, లెవెల్ క్రాసింగ్ దగ్గర గేట్‌మాన్, విమానాశ్రయంలో ఎక్స్‌రే తెర ముందు కూర్చున్న భద్రతా ఉద్యోగి, కర్మాగారం కంట్రోల్ రూములో మీటర్లు చూసే ఆపరేటర్, నాలుగు వరుసల రహదారి మీద రాత్రంతా లారీ నడిపే డ్రైవర్, వీళ్ళందరిదీ ఈ పనే. ఇప్పుడు తనంతట తాను నడిచే కారులో స్టీరింగ్ ముందు ఊరికే కూర్చునే మనిషి కూడా ఈ వరుసలో చేరాడు.

అనకాపల్లి జిల్లా నర్సీపట్నం నుంచి బయలుదేరే రెండు దారులు చూస్తే విషయం తేలిగ్గా అర్థమవుతుంది. ఒకటి పడమటికి, లంబసింగి మీదుగా చింతపల్లికి. డౌనూరు దాటాక ఘాట్ మొదలవుతుంది. మలుపు మీద మలుపు, ఎదురుగా ఏం వస్తుందో తెలియదు, చలికాలంలో పొగమంచు. మలుపు మలుపుకీ హారన్, గేరు మార్పు, బ్రేకు. ఈ దారిలో డ్రైవరుకి భుజాలు నొప్పెడతాయి గానీ కునుకు రావడం అరుదు. రెండోది తూర్పుకి, కోటవురట్ల మీదుగా అడ్డరోడ్డుకి. అక్కడ 16వ నంబరు జాతీయ రహదారి ఎక్కాక తుని వైపు తిరిగినా విశాఖ వైపు తిరిగినా రోడ్డు విశాలంగా, తిన్నగా సాగిపోతుంది. టాప్ గేరులో పడ్డాక కాలికీ చేతికీ పెద్దగా పని ఉండదు. మన్యం నుంచి కాఫీ గింజలో పసుపో మిరియాలో దించుకొచ్చే బండికి అసలు గండం ఘాట్ దిగి, రోడ్డు సుఖంగా మారాక మొదలవుతుంది. పక్క సీట్లో క్లీనర్ ఉంటే ‘ఏటి గురువుగారూ, రెప్పలు వాలతన్నాయేటి?’ అని కదిపేది ఆ సుఖమైన రోడ్డు మీదే.

ఈ సంగతి తెలుగు పల్లెలకు కొత్తది కాదు. చేలో పంట కాపలాకి కట్టే మంచె అలాంటి పనికి పుట్టిన ఏర్పాటే. అడవి పంది ఏ రాత్రి వస్తుందో, అసలు వస్తుందో రాదో తెలియదు. అందుకే మంచె మీదివాడు ఊరికే చూస్తూ కూర్చోడు. మధ్య మధ్య ఖాళీ డబ్బా మోగిస్తాడు, వడిసెల విసురుతాడు, పక్క చేలో మంచె మీదున్నవాడిని కేకేస్తాడు. అవతలి నుంచి బదులు రాకపోతే మళ్ళీ కేకేస్తాడు. ఆ చప్పుడు పందిని తరమడానికి ఎంత పనికొస్తుందో కాపలావాడిని మేలుకొల్పడానికీ అంతే పనికొస్తుంది. కోటల్లో, ఠాణాల్లో పహరా కాసేవాళ్ళు ‘పారా హుషార్’ అని ఒకరికొకరు అందించుకున్న కేక కూడా ఇలాంటిదే. శత్రువును భయపెట్టడం దాని పనిలో సగమే. పక్క బురుజు మీదివాడు మేలుకొనే ఉన్నాడని తెలుసుకోవడం మిగతా సగం. రాత్రిని జాములుగా పంచి వంతులు వేసుకోవడమూ ఆ అనుభవంలోంచే పుట్టింది.

శాస్త్రం ఈ సంగతిని లెక్కగా పట్టుకోవడానికి రెండో ప్రపంచ యుద్ధం దాకా పట్టింది. బ్రిటిష్ విమానాల్లో రాడార్ తెర ముందు కూర్చుని జర్మన్ జలాంతర్గాముల జాడ వెతికే సిబ్బంది, తెర మీద చుక్క కనపడుతున్నా పట్టుకోలేకపోతున్నారని తేలింది. కేంబ్రిడ్జిలో నార్మన్ మాక్‌వర్త్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త దీన్ని పరీక్షించడానికి ఒక గడియారం తయారు చేశాడు. తెల్లటి పలక, దాని మీద అంకెలూ లేవు, గీతలూ లేవు. ఒక్కటే నల్లటి ముల్లు, సెకనుకి ఒక అడుగు చొప్పున కదులుతుంది. అప్పుడప్పుడు, అరగంటకు పన్నెండు సార్లు మాత్రం, ఒకేసారి రెండడుగులు దూకుతుంది. ఆ దూకుడు కనపడగానే మీట నొక్కాలి. అంతే పని. రెండు గంటలు చూడాలి.

మొదటి అరగంట తర్వాతే తప్పిపోయే దూకుళ్ళు పెరిగాయి. కూర్చున్నవాళ్ళు యువకులు, ఆరోగ్యవంతులు, పని మీద శ్రద్ధ ఉన్నవాళ్ళు. పని చేతకాకపోతే మొదటి నిమిషం నుంచీ తప్పాలి. ఇక్కడ చేతనైన పనే చేతిలోంచి జారిపోయింది. 1948లో మాక్‌వర్త్ ప్రచురించిన ఈ ఫలితం తర్వాత ఎన్నో ప్రయోగశాలల్లో మళ్ళీ మళ్ళీ నిజమని తేలింది. ఆ లెక్కన చూస్తే మూడు గంటల జాము కూడా ఒక్క మనిషికి చాలా ఎక్కువ.

మాక్‌వర్త్ అక్కడితో ఆగలేదు. అరగంట చూశాక అరగంట విశ్రాంతి ఇస్తే పట్టు తగ్గలేదు. చూపు మధ్యలో టెలిఫోన్ మోగి, ఇంకా బాగా చూడమని ఒక మాట వినపడితే కాసేపు మళ్ళీ మొదటి స్థాయికి వచ్చింది. ‘ఇప్పుడొకటి దాటిపోయింది’, ‘ఇది సరిగ్గా పట్టారు’ అని ఎప్పటికప్పుడు చెబుతూ ఉంటే దిగజారడం ఆగింది. ఈ మూడూ, అంటే వంతు, పలకరింపు, ఫలితం వెంటనే తెలియడం, తర్వాత వచ్చిన ఏర్పాట్లన్నిటికీ పునాదులయ్యాయి. కోటల జాముల్లో, మంచె మీద కేకలో మొదటి రెండూ ముందే ఉన్నాయి.

పట్టు ఎందుకు సడలుతుంది? పని మరీ తేలికైపోతే మనసు విసుగెత్తి వేరే వైపు పోతుందని చాలాకాలం అనుకున్నారు. అందులో నిజం లేకపోలేదు. కానీ జోయెల్ వార్మ్, రాజా పరశురామన్, జెరాల్డ్ మాథ్యూస్ 2008లో రాసిన ఒక సమీక్షలో దీనికి దాదాపు ఎదురు మాట చెప్పారు: కాపలా కాయడం కఠినమైన మానసిక శ్రమ, ఒత్తిడితో కూడిన పని అని. ఏమీ లేని చోట ‘ఏమీ లేదు, ఏమీ లేదు’ అని ప్రతి క్షణమూ తేల్చుకుంటూ ఉండటానికి మెదడు తన నిల్వలు ఖర్చుపెడుతుంది. ఖర్చవుతుంది గానీ తిరిగి నింపుకునే వ్యవధి దొరకదు. డ్యూటీ దిగిన కంట్రోల్ రూమ్ ఉద్యోగి ఇంటికొచ్చి ‘పనేం లేదు, కానీ ఒళ్ళంతా పీకేసినట్టుంది’ అంటే అది బద్ధకం మాట కాదు. ‘ఊరికే కూర్చునే ఉద్యోగమే కదా’ అనే మాట ఎక్కువగా ఆ కుర్చీలో ఎన్నడూ కూర్చోనివాళ్ళ నోటినుంచే వస్తుంది.

దీనికి తోడు ఇంకో చిక్కుంది. వెతికేది ఎంత అరుదైతే, వచ్చినప్పుడు దాన్ని దాటెయ్యడం అంత ఎక్కువ. జెరెమీ వుల్ఫ్ బృందం 2005లో చేసిన ప్రయోగంలో సామాను బొమ్మల్లో పనిముట్లను వెతికించారు. సగం బొమ్మల్లో వస్తువు ఉన్నప్పుడు చూసేవాళ్ళు 7 శాతం వాటిని వదిలేశారు. నూటికి ఒక్క బొమ్మలో మాత్రమే ఉన్నప్పుడు 30 శాతం వదిలేశారు. వస్తువు అదే, కళ్ళు అవే. లేదు, లేదు అని తొంభై తొమ్మిది సార్లు చెప్పిన నోరు నూరోసారీ లేదనే అనేస్తుంది. ఇలాంటి కారణాల వల్లే చాలా దేశాల విమానాశ్రయాల్లో ఎక్స్‌రే తెర ముందు ఒక మనిషిని దాదాపు 20 నిమిషాలకు మించి ఉంచరు. అంతేకాదు, యంత్రమే అప్పుడప్పుడు ఏదో ఒక సంచీ బొమ్మలో దొంగ తుపాకీ బొమ్మను కలిపి చూపిస్తుంది. పట్టుకుంటే వెంటనే మెచ్చుకుంటుంది, వదిలేస్తే వెంటనే చెబుతుంది. అరుదైనదాన్ని కావాలనే తరచుగా మార్చడం అన్నమాట.

కాపలా సడలడం, నిద్ర ముంచుకురావడం దగ్గరి బంధువులే గానీ ఒకటి కాదు. కంటినిండా నిద్రపోయి వచ్చినవాడికీ పట్టు సడలుతుంది. నిద్ర చాలనివాడికైతే రెండూ కలిసి వస్తాయి. అప్పుడు కమ్ముకొచ్చేది రెప్పపాటు నిద్ర: మూడు నాలుగు సెకన్ల పాటు మెదడు మూతపడుతుంది, ఒక్కోసారి కళ్ళు తెరిచే ఉంటాయి. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో పోయే బండి సెకనుకి 22 మీటర్లు పోతుంది. నాలుగు సెకన్లంటే దాదాపు 90 మీటర్ల దూరం చోదకుడు లేని బండే. అన్నిటికన్నా ప్రమాదకరమైన సంగతి, ఆ కునుకు తీసినవాడికి తాను తీసినట్టే తెలియదు. ‘నాకు నిద్ర రాలేదు, ఎలా జరిగిందో తెలీదు’ అని చెప్పే డ్రైవర్ ప్రతిసారీ అబద్ధమాడుతున్నాడని అనుకోనక్కర్లేదు.

శరీరంలోని గడియారం రోజుకి రెండు సార్లు మనిషిని కిందికి లాగుతుంది. రాత్రి రెండు నుంచి ఐదారు గంటల దాకా గట్టిగా, మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు మధ్య కొంచెం నెమ్మదిగా. మధ్యాహ్నపు మత్తుని భోజనానికి అంటగడతారు గానీ తినకపోయినా అది వస్తుంది. మెలకువగా గడిపిన గంటల లెక్క దీనికి తోడవుతుంది. 17 గంటలు ఏకబిగిన మేలుకొన్న మనిషి చురుకుదనం, రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్న మనిషి చురుకుదనంతో సమానమని 1997 నుంచీ వచ్చిన పరిశోధనలు చూపించాయి. పొద్దున ఆరింటికి లేచి పగలంతా లోడు ఎత్తించుకుని, రాత్రి పదకొండింటికి స్టీరింగ్ పట్టిన డ్రైవర్ చుక్క తాగకపోయినా ఆ స్థితిలోనే బయలుదేరుతున్నాడు.

నిద్ర నుంచి లేచిన తర్వాతి నిమిషాలూ నమ్మదగ్గవి కావు. 2010 మే 22న దుబాయ్ నుంచి వచ్చిన ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ విమానం ఉదయం ఆరు గంటల ప్రాంతంలో మంగళూరు రన్‌వే దాటి లోయలో పడి 158 మంది చనిపోయారు. ప్రయాణంలో చాలా భాగం కెప్టెన్ నిద్రపోయాడని కాక్‌పిట్ రికార్డరులోని గురక శబ్దాన్ని బట్టి విచారణ సంఘం తేల్చింది. లేచాక పూర్తిగా వదలని మగత అతని నిర్ణయాలను దెబ్బతీసి ఉండవచ్చని చెప్పింది. ఆకాశంలో గంటల పాటు ఆటోపైలట్ నడిపిస్తుంది, పైలట్‌కు చూడటమే పని. చివరి పది నిమిషాల్లో ఉన్నట్టుండి అంతా మనిషి చేతిలోకి వస్తుంది. మార్పులేని పనిలో దాగిన గుంట అక్కడే ఉంది.

ఇలాంటి పనికి అందరికన్నా ముందు నుంచీ ఏర్పాట్లు చేసుకుంటూ వచ్చింది రైల్వే. హౌరా–చెన్నై ప్రధాన మార్గం మీద తుని, యలమంచిలి మధ్య నర్సీపట్నం రోడ్ అనే చిన్న స్టేషన్ ఉంది. ఊరికి చాలా దూరం, పేరు మాత్రం ఊరిదే. అనేక రైళ్ళు అక్కడ ఆగకుండా పోతాయి. అలా పోయేటప్పుడు ఏం జరుగుతుందో గమనిస్తే కాపలా శాస్త్రమంతా ఆ అర నిమిషంలో కనపడుతుంది. స్టేషన్ సిబ్బంది ప్లాట్‌ఫాం మీదికొచ్చి పగలైతే పచ్చ జెండా, రాత్రయితే పచ్చ దీపం చూపుతారు. ఇంజన్లోంచి, చివర గార్డు పెట్టెలోంచి జవాబు జెండా రావాలి. బండిలో అంతా సవ్యంగా ఉందని చెప్పుకోవడం దాని ఉద్దేశం. రెండు వైపులా మనుషులు మేలుకొని ఉన్నారని తెలియడం దాంతోపాటు దక్కే లాభం. మంచెకీ మంచెకీ మధ్య కేక లాంటిదే.

లెవెల్ క్రాసింగ్ గేట్‌మాన్ పనిలోనూ అంతే. సిగ్నల్‌తో ముడిపడని గేటైతే, రైలొస్తోందని స్టేషన్ మాస్టర్ ఫోన్ చేసినప్పుడు ‘సరే’ అంటే చాలదు. గేటు వేశాక ఒక ప్రైవేట్ నంబర్ చెప్పాలి. ముందే అచ్చువేసి ఇచ్చిన కాగితంలోంచి వరుసలో వచ్చే అంకె అది. చెప్పాక కొట్టెయ్యాలి, రెండు చోట్లా రాసుకోవాలి. నిద్రమత్తులో ‘ఆ, వేశాను’ అనడం తేలిక. కాగితం తీసి, అంకె వెతికి, చదివి, కొట్టేసి, రాయడం నిద్రమత్తులో సాగదు. ఊరికే చూసే పనిని చేసే పనిగా మార్చడానికి ఇంతకన్నా చవకైన ఉపాయం దొరకదు.

ఇంజన్ క్యాబ్‌లో మరో రెండు ఏర్పాట్లున్నాయి. మొదటిది మనుషుల మధ్యది. సిగ్నల్ కనపడగానే లోకో పైలట్, అసిస్టెంట్ ఇద్దరూ దాని వైపు చెయ్యి చూపి రంగు పైకి పలకాలి. ఒకరు ‘గ్రీన్’ అంటే రెండోవారూ చూసి ‘గ్రీన్’ అనాలి. జపాన్ రైల్వేలో ఇలా వేలు చూపి పలకడం వందేళ్ళకు పైబడిన ఆచారం. అక్కడి రైల్వే సాంకేతిక పరిశోధన సంస్థ 1994లో చేసిన పరీక్షలో, ఏమీ చెయ్యకుండా చేసిన పనిలో వందకు 2.38 తప్పులు వస్తే, వేలు చూపి పలికినప్పుడు 0.38కి తగ్గాయి. కన్ను చూసినదాన్ని చెయ్యి, నోరు, చెవి మళ్ళీ ఒకసారి సరిచూస్తాయి. బయటివాళ్ళకు ఇది చిన్నపిల్లల ఆటలా కనపడవచ్చు. దీన్ని సిగ్గుపడకుండా చేసే లోకో పైలట్ వెనక పెట్టెల్లో కూర్చున్నవాళ్ళు హాయిగా నిద్రపోవచ్చు.

రెండోది యంత్రం. విజిలెన్స్ కంట్రోల్ డివైస్ అంటారు. లోకో పైలట్ దాదాపు ఒక నిమిషం పాటు హారన్, బ్రేక్, వేగం మార్చే మీట వంటివేవీ కదపకపోతే ముందు దీపం మెరుస్తుంది. ఎనిమిది సెకన్లలో స్పందన లేకపోతే బజర్ మోగుతుంది. మరో ఎనిమిది సెకన్లు దాటితే బ్రేకులు వాటంతట అవే పడిపోతాయి. మంచి ఏర్పాటే. కానీ దీనికో బలహీనత ఉంది. రోజూ వందల సార్లు నొక్కిన బటన్‌ను చెయ్యి తనంతట తాను నొక్కడం నేర్చుకుంటుంది. మనిషి సగం నిద్రలో ఉన్నా వేలు తన పని చేసుకుపోతుంది. బతికి ఉన్నాడని యంత్రానికి తెలుస్తుంది, చూస్తున్నాడో లేదో తెలియదు.

2023 అక్టోబర్ 29 సాయంత్రం విజయనగరం జిల్లా కంటకాపల్లి, అలమండ స్టేషన్ల మధ్య విశాఖపట్నం–రాయగడ ప్యాసింజర్ ముందున్న విశాఖపట్నం–పలాస ప్యాసింజర్‌ను వెనక నుంచి ఢీకొట్టింది. 14 మంది చనిపోయారు. వెనక బండి సరిగ్గా పనిచేయని రెండు ఆటోమేటిక్ సిగ్నళ్ళను నిబంధనలకు విరుద్ధంగా దాటిందని ప్రాథమిక విచారణలో తేలింది. ఎర్రగా ఉన్న ఆటోమేటిక్ సిగ్నల్ దగ్గర పగలైతే ఒక నిమిషం, రాత్రయితే రెండు నిమిషాలు ఆగి, ఆ తర్వాత ఏ క్షణమైనా ఆపగలిగేంత నెమ్మదిగా పోవాలన్నది నియమం. వెనక బండి ఇంజన్ సిబ్బంది కూడా ప్రమాదంలో చనిపోయారు కాబట్టి ఆ రెండు సిగ్నళ్ళ దగ్గర వాళ్ళ మనసులో ఏముందో చెప్పేవాళ్ళు లేరు. దాన్ని అజాగ్రత్త అని ఒక్క మాటలో తేల్చేసే హక్కు ఎవరికీ లేదు. ఆ మార్గంలో అప్పటికి కవచ్ లేదన్న సంగతిని మాత్రం మరిచిపోకూడదు.

కవచ్ అంటే మనిషి చూపు తప్పినా రైలు తప్పకుండా చూసే దేశీయ వ్యవస్థ. దక్షిణ మధ్య రైల్వేలో, తెలంగాణలోని లింగంపల్లి–వికారాబాద్ మార్గంలో 2016లో ప్రయాణికుల రైళ్ళ మీద పరీక్షలు మొదలయ్యాయి. 2022 మార్చి 4న గుల్లగూడ, చిట్‌గిద్ద స్టేషన్ల మధ్య రెండు ఇంజన్లను ఎదురెదురుగా నడిపి, అవి వాటంతట అవే ఆగిపోవడం చూపించారు. రాబోయే సిగ్నల్ రంగు క్యాబ్‌లోనే తెర మీద కనపడుతుంది. ఎరుపు దాటబోతే బ్రేకు పడుతుంది. విజిలెన్స్ బటన్‌కీ దీనికీ ఉన్న తేడా పెద్దది. అది మనిషి మేలుకొని ఉన్నాడా అని అడుగుతుంది, ఇది బండి ఆగాల్సిన చోట ఆగుతోందా అని చూస్తుంది. కాపలా భారాన్ని నిజంగా మనిషి నెత్తి మీంచి దించేది రెండోదే.

కార్ల విషయంలో జరుగుతున్నది దాదాపు తలకిందులు. స్వయంచాలక వాహనాలను ఎస్‌ఏఈ అనే అంతర్జాతీయ ఇంజనీర్ల సంస్థ సున్నా నుంచి ఐదు దాకా మెట్లుగా విభజించింది. రెండో మెట్టులో కారు తనంతట తాను వేగం సర్దుకుంటుంది, గీతల మధ్య నడుస్తుంది; మనిషి మాత్రం ప్రతి క్షణమూ గమనిస్తూనే ఉండాలి. 2021లో వచ్చిన మహీంద్రా ఎక్స్‌యూవీ700 వంటి కార్లతో ఈ తరహా సౌకర్యాలు మన రోడ్ల మీదికీ వచ్చేశాయి. మూడో మెట్టులో కొన్ని పరిస్థితుల్లో మనిషి చూపు తిప్పుకోవచ్చు, పిలిచినప్పుడు మాత్రం అందుకోవాలి. హైదరాబాద్ ఐఐటీలో, సంగారెడ్డి జిల్లా కంది ప్రాంగణంలో 2022 జులై 4న ప్రారంభమైన టిహాన్ కేంద్రంలో డ్రైవర్ లేని వాహనాల మీద పరీక్షలు జరుగుతున్నాయి. చివరి మెట్టు చేరితే మనిషి కాపలా అవసరమే ఉండదు. చిక్కంతా మధ్య మెట్ల మీద. నడిపే పని కారు తీసుకుంది, చూసే పని మనిషికి వదిలేసింది. రెండింటిలో మనిషికి చేతనైనది నడపడం, చేతకానిది చూస్తూ కూర్చోవడం. పంపకం సరిగ్గా తిరగబడింది.

ఈ తిరకాసును బ్రిటన్‌కు చెందిన లిసాన్ బెయిన్‌బ్రిడ్జ్ 1983లోనే ‘ఐరనీస్ ఆఫ్ ఆటోమేషన్’ అనే వ్యాసంలో వివరించింది. తేలికైన భాగమంతా యంత్రానికి అప్పగిస్తే కష్టమైనదే మనిషికి మిగులుతుంది, అదీ అలవాటు తప్పిన చేతులతో చెయ్యాల్సి వస్తుంది. పదేళ్ళ తర్వాత, భారతదేశంలో పుట్టి అమెరికాలో పనిచేసిన రాజా పరశురామన్, రాబర్ట్ మొల్లాయ్, ఇంద్రమణి సింగ్‌లతో కలిసి దీన్ని ప్రయోగంతో చూపించాడు. కంప్యూటర్ మీద విమానం నడిపించే పనులు చేస్తూ, ఇంజన్ మీటర్లను చూసే యంత్రం మీద కన్నేసి ఉంచమన్నాడు. యంత్రం ఎప్పుడూ ఒకే తీరుగా నమ్మకంగా పనిచేసిన చోట, అది తప్పినప్పుడు మనుషులు పట్టుకున్నది మూడో వంతే. కాసేపు బాగా, కాసేపు అంతంతమాత్రంగా పనిచేసిన చోట నూటికి ఎనభై దాకా పట్టుకున్నారు. అంటే యంత్రం ఎంత నికరంగా ఉంటే మనిషి దాన్ని అంత వదిలేస్తాడు. రోజూ తిన్నగా ఇంటికి చేర్చే ఎద్దుల బండిలో రైతు నిద్రపోవడం లాంటిదే ఇది. ఎడ్ల మీద నమ్మకం కుదిరితే కళ్ళు మూతపడతాయి.

2018 మార్చి 18 రాత్రి అమెరికాలోని అరిజోనా రాష్ట్రం టెంపీ నగరంలో ఉబర్ సంస్థ పరీక్షకు నడుపుతున్న స్వయంచాలక కారు రోడ్డు దాటుతున్న మహిళను ఢీకొట్టింది. ఆమె మరణించింది. ఢీకొనడానికి 5.6 సెకన్ల ముందే కారు ఆమెను గుర్తించింది గానీ ఏమిటో తేల్చుకోలేకపోయింది. స్టీరింగ్ ముందున్న ఉద్యోగి చూపు ఫోన్ మీద ఉంది. అమెరికా రవాణా భద్రతా బోర్డు ఉద్యోగి తప్పును తప్పుగానే రాసింది. దాంతోపాటు, స్వయంచాలక వ్యవస్థల ముందు మనిషి ఇలా ఉదాసీనుడవుతాడని తెలిసి కూడా సంస్థ తగిన జాగ్రత్త తీసుకోలేదని చెప్పింది. అంతకు ముందు ఒక్కో కారులో ఇద్దరుండేవారు. ఆ సంఖ్యను ఒకటికి తగ్గించారు. ‘ఏం, నిద్రొస్తోందా?’ అని కదిపే పక్క సీటు ఖాళీ అయింది.

ఇక మామూలు డ్రైవరు చేతిలో ఏముంది? ఆంధ్రప్రదేశ్‌లో పోలీసులు రాత్రి పూట హైవేల మీద లారీలను, బస్సులను ఆపి డ్రైవర్ల చేత ముఖం కడిగించి పంపడం చాలామంది చూసే ఉంటారు. అందులో మంచి ఉంది: బండి ఆగింది, మనిషి దిగాడు, నాలుగడుగులు నడిచాడు, ఎవరో పలకరించారు. చల్లటి నీళ్ళ ప్రభావం మాత్రం నిమిషాల్లో ఆవిరైపోతుంది. అద్దం దించి గాలి తగిలించుకోవడం, పాటలు గట్టిగా పెట్టుకోవడం కూడా అంతే. బ్రిటన్‌లోని లఫ్‌బరో విశ్వవిద్యాలయంలో రేనర్, హార్న్ జరిపిన పరీక్షల్లో వీటి మేలు చాలా కొద్దిగా, కాసేపే కనపడింది. నిలబడ్డవి రెండే: కాఫీ, చిన్న కునుకు. రెండూ కలిపితే ఇంకా మేలు. గట్టి కాఫీ తాగి వెంటనే బండి పక్కన ఆపి పదిహేను నిమిషాలు కళ్ళు మూసుకోవాలి. తాగింది రక్తంలో కలిసి పనిచేయడానికి దాదాపు ఇరవై, ముప్ఫై నిమిషాలు పడుతుంది. కునుకు ముగిసేసరికి కాఫీ అందుకుంటుంది. కునుకు అరగంట దాటితే గాఢ నిద్రలోకి జారి, లేచాక మగత పట్టుకునే ప్రమాదముంది. చింతపల్లి కొండల్లో పండిన కాఫీని లోడుగా దించుకుపోయే డ్రైవరుకి ఇంతకన్నా దగ్గరి మందు లేదు. కాకపోతే అది నిద్ర అప్పును వాయిదా వేస్తుంది, తీర్చదు. ఆ అప్పు పడుకుంటేనే తీరుతుంది.

తన ఒంటి గుర్తులు కొన్ని డ్రైవరుకే తెలుస్తాయి. ఆవలింత మొదటిది, అది పెద్ద ప్రమాదం కాదు. దాటిన ఊరు గుర్తులేకపోవడం, నక్కపల్లి ఎప్పుడు దాటామో తెలియకుండా తుని బోర్డు కనపడటం, రోడ్డు అంచున చారలు టైరు కింద గరగరమనడం, ముందు బండి దీపాలు ఉన్నట్టుండి దగ్గరకు రావడం, ఇవి వచ్చాక ఇంకో పది కిలోమీటర్లు లాగేద్దామనుకోవడానికి వీల్లేదు. కొత్త కార్లలోని కెమెరాలు రెప్పలు ఎంతసేపు మూతపడుతున్నాయో, తల ఎటు వాలుతోందో చూసి హెచ్చరిస్తాయి. స్టీరింగ్ మీద చెయ్యి ఉందా అని చూసే పాత పద్ధతి కన్నా ఇది మెరుగు. చెయ్యి నిద్రలోనూ స్టీరింగ్ మీద ఉండగలదు.

వంతులు, విశ్రాంతి డ్రైవరు ఒక్కడి పట్టుదలతో వచ్చేవి కావు. ఈ సంగతి చట్టం ఎప్పుడో గుర్తించింది. 2025 దాకా అమల్లో ఉన్న 1961 మోటారు రవాణా కార్మికుల చట్టం ప్రకారం రోజుకి 8 గంటలు, వారానికి 48 గంటలే పని. ఏకబిగిన 5 గంటలు నడిపితే కనీసం అరగంట విరామం ఇవ్వాలంది. రాత్రి ఆగాల్సిన చోట విశ్రాంతి గదులు యజమాని కల్పించాలంది. 1988 మోటారు వాహనాల చట్టం కూడా ఈ పని గంటలనే పాటించమంది. అయితే 1961 చట్టం వర్తించింది ఐదుగురు, అంతకు మించి కార్మికులున్న సంస్థలకే. ఒకే లారీ అప్పు మీద కొనుక్కుని, వాయిదాల కోసం తానే నడుపుకునే మనిషికి గంటలు లెక్కపెట్టే యజమాని లేడు, గది చూపించే సంస్థ లేదు. అడ్డరోడ్డు దాటి రాత్రి రెండు గంటలకు అలాంటి బండి పక్కకు ఆగి ఉంటే, లోపల ఒకడు స్టీరింగ్ మీద తల వాల్చి పడుకుని ఉంటే, హారన్ కొట్టి లేపకుండా పోవడమే అతనికి చేసే సాయం.